ఇంట గెలిచాం సరే, రచ్చ మాటేమిటి?

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇప్పటి పిల్లల్ని అడిగి చూడండి, రచ్చ అంటే గొడవ అంటారు. సినిమావాళ్ళ పుణ్యమా అని ఆ మాటకు అదే అర్థం స్థిరపడిపోయింది. కాని దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే అదెంతో మర్యాదైన మాట. సంస్కృతంలో రథ్య అంటే రథం పోయేటంత వెడల్పయిన వీధి. అదే జనం నోట నలిగి నలిగి రచ్చ అయింది. ఊరి మధ్యన వెడల్పయిన జాగా, అక్కడొక రావిచెట్టు, చెట్టు చుట్టూ అరుగు, ఆ అరుగు మీద నలుగురు పెద్దమనుషులు. రచ్చబండ అంటే అదీ!

ఇటలీవాళ్ళు ఊరి నడిబొడ్డున ఉండే ఖాళీ జాగాను పియాజ్జా అంటారు. దాని పుట్టుక వెతికితే అదీ మన రచ్చలాగే పాతకాలపు గ్రీకు, లాటిను మాటల దగ్గర తేలుతుంది. ఆ మాటలకూ వెడల్పయిన వీధి అనే అర్థం. చూశారా, సముద్రాలకు అటూ ఇటూ ఉన్న మనుషులు ఒకరినొకరు అడక్కుండానే ఒకలాగే ఆలోచించారు. వీధి కాస్త వెడల్పు కాగానే జనం అక్కడ ఆగుతారు. ఆగితే మాట్లాడుకుంటారు. నలుగురూ మాట్లాడుకునే చోటుంటేనే అది ఊరు. లేకపోతే వట్టి ఇళ్ళ గుంపు.

ఇక్కడి దాకా బాగానే ఉంది. ఆ తరవాతే రెండు దారులు వేరైపోయాయి. ఇటలీలో ఎవరైనా పియాజ్జాలోకి దిగారంటే న్యాయం కోసం నిలబడ్డారని అర్థం. మన భాషలో ఆడది రచ్చకెక్కితే పరువు పోయినట్టు. సంసారం వీధిన పడిందంటాం, బజారున పడిందంటాం, బజారు మనిషంటాం. మగవాడు రచ్చ గెలిస్తే గొప్ప, ఆడది రచ్చకెక్కితే తప్పు. ఒకే జాగా, రెండు న్యాయాలు. ఇదేమిటా అని చాలాకాలంగా నా మనసులో ఒక మూల నలుగుతూనే ఉంది.

మా తమ్ముడూ మరదలూ రెండేళ్ళు ఇటలీలో ఉన్నారు. ఆ పుణ్యాన నేనూ ఒకసారి ఆ దేశం చూసి వచ్చాను. రోము, వెనిస్ సంగతులు చాలామంది రాశారు, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా కళ్ళలో నిలిచిపోయింది మటుకు ఒక చిన్న కొండ మీది ఊరు. పేరు శాన్ జిమిన్యానో. ఫ్లారెన్సుకూ సియెనాకూ మధ్య దారిలో ఉంది. దూరం నుంచి చూస్తే ఎవరో కొండ మీద అగరొత్తులు గుచ్చినట్టుంటుంది. అవన్నీ రాతి బురుజులు. ఒకప్పుడు ఆ చిన్న ఊళ్ళో 72 బురుజులు ఉండేవని చెబుతారు, ఇప్పుడు మిగిలినవి 14. డబ్బున్న ప్రతి కుటుంబం పక్కింటివాళ్ళకంటే ఒక గజం ఎత్తుగా కట్టాలని పంతం పట్టింది. ఈ జబ్బు మనకు మాత్రమే ఉందనుకుంటాం గాని, అబ్బే, అన్ని దేశాల్లోనూ ఉంది. చివరికి 1255లో ఊరివాళ్ళు విసిగిపోయి, పాలకుల బురుజును మించి ఎవరూ కట్టకూడదని శాసనం చేసుకోవలసి వచ్చింది.

ఆ బురుజుల మధ్య ఊరి ప్రధానమైన చౌకు ఉంది. దాని పేరు పియాజ్జా దెల్లా చిస్తెర్నా. మన భాషలో చెప్పాలంటే బావి చౌకు! పేరుకు తగ్గట్టే నడిమధ్యన ఎనిమిది పలకల రాతి గట్టుతో ఒక బావి. 1273లో తవ్వించారు, 1346లో పెద్దది చేశారు. నేను ముందు చూసింది ఆ బావి అంచుని. రాయి మీద లోతుగా గాళ్ళు పడి ఉన్నాయి. వందల ఏళ్ళు చేదతాళ్ళు ఒరుసుకుని ఒరుసుకుని రాయి అరిగిపోయింది. మా అమ్మమ్మగారి ఊళ్ళో బావి ఒరకు కూడా సరిగ్గా ఇలాంటి గాళ్ళే ఉండేవి. ఆ గాళ్ళలో వేలు పెట్టి చూశాను. ఎన్ని చేతులు లాగితే ఇంత రాయి అరిగిందో! మన దేశంలోనే కాదు, అక్కడా ఇంటికి నీళ్ళు మోసే పని ఎక్కువగా ఆడవాళ్ళదే. బురుజులు కట్టించినవాళ్ళ పేర్లు గైడు గడగడా చదివాడు. తాళ్ళు లాగినవాళ్ళ పేర్లు ఎవరికి తెలుసు? రాయికి తెలుసు.

1348లో ఆ ఊరి మీద మహామారి పడింది. సగం మంది పోయారు. 1353లో ఊరు ఫ్లారెన్సుకు లొంగిపోయింది. ఆ తరవాత డబ్బు లేదు, కొత్త కట్టడాలు లేవు. పాతవి కూల్చడానికి కూడా స్తోమత లేక అలాగే వదిలేశారు. ఆ పేదరికమే ఊరిని కాపాడింది. 1990లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. పక్కనున్న సియెనా మాత్రం డబ్బున్న రోజుల్లోనే తన చౌకును జాగ్రత్త చేసుకుంది. 1297లోనే చౌకు వైపు ఉండే ఇళ్ళ కిటికీలు ఎలా ఉండాలో, బాల్కనీలు ముందుకు తోసుకు రాకూడదని నిబంధన పెట్టింది. ఇల్లు నీదే, కాని దాని ముఖం ఊరిది అన్నమాట!

ఇదంతా చూసి వచ్చాక, మనకు కొండ కింద పుట్టి పెరిగిన పాత ఊరు లేదా, దానికొక నడిబజారు లేదా అని ఆలోచించాను. ఎక్కడికో పోనక్కర లేకపోయింది. మా వదిన పుట్టిల్లు ఆదోని. పెళ్ళిబట్టలు కొనడానికి నన్ను రమ్మని ఎన్నాళ్ళనుంచో పోరుతూ ఉంది. ఆదోనిని రెండో బొంబాయి అనేవారు, అంత పేరు దాని బట్టల వ్యాపారానికి. బట్టలకు బట్టలు, చరిత్రకు చరిత్ర అనుకుని బయలుదేరాను.

మద్రాసు నుంచి బొంబాయి పోయే పాత రైలుమార్గం మీద ఉంది ఆదోని. రైలు దగ్గరపడుతుంటే నల్లరేగడి చేలు, పత్తి, ఆ చేల మధ్యన హఠాత్తుగా గుండ్రాళ్ళు పేర్చినట్టు కొండలు. ఆ కొండల మీద కోటగోడల ఆనవాళ్ళు ఇంకా కనిపిస్తాయి. ఒకదాని పేరు బారాకిల్లా, ఇంకొకదాని పేరు తాలిబండ. కొండ ఎక్కే దారి మధ్యలో ఎండిపోని కొలను ఒకటుందని పాత గెజిటీర్లలో రాశారు. అంత ఎండల సీమలో కొండ మీద నీళ్ళంటే మాటలా! కోట కట్టినవాడు ముందు నీళ్ళు చూసుకునే కట్టి ఉంటాడు.

ఈ కోట విజయనగర రాజుల సరిహద్దు కోట. అటు తుంగభద్ర, దాని ఆవల రాయచూరు. ఎవరు ఎవరి మీదికి దండెత్తినా ఆదోనిని దాటిపోవాలి. 1565లో విజయనగరం కూలింది, 1568లో ఆదోని బిజాపూరు ఆదిల్‌షాహీల చేతికి వచ్చింది. 1662లో బిజాపూరు తరపున ఇక్కడ పాలకుడుగా వచ్చినవాడు సిద్దీ మసూద్ ఖాన్. ఆదోని నడిబొడ్డున ఈనాటికీ నిలిచి ఉన్న జామియా మసీదు ఆయన కట్టించిందే.

ఈ మసూద్ ఖాన్ కథ ఒక నవలకు సరిపోతుంది. ఆయన హబ్షీ, అంటే పూర్వీకులది ఆఫ్రికాలోని అబిసీనియా. మామగారు సిద్దీ జౌహర్ కర్నూలు పాలకుడు. 1660లో పన్హాలా కోటలో శివాజీని ముట్టడించిన సేనాని ఆ జౌహరే. వాన కురుస్తున్న రాత్రి శివాజీ కోట నుంచి తప్పించుకుని విశాల్‌గఢ్ వైపు పోతుంటే వెంటాడినవాడు అల్లుడు మసూద్. దారిలో కనుమ దగ్గర బాజీప్రభు దేశ్‌పాండే అడ్డుపడి తన ప్రాణం ఇచ్చి శివాజీని దాటించాడు. మరాఠీ పిల్లలందరికీ ఈ కథ కంఠతా వచ్చు. ఆ కథలో తరుముకొచ్చిన మనిషి మన ఆదోనివాడని మనకే సరిగా తెలియదు.

ఇంకా విచిత్రం వినండి. 1678లో బిజాపూరు సింహాసనం మీద చిన్నపిల్లవాడు ఉంటే, అతని పేర రాజ్యభారం మోసింది ఈ మసూద్ ఖానే. మరుసటి ఏడు మొగలు సేన బిజాపూరు మీదికి వస్తే, సాయం చేయమని ఎవరికి కబురు పంపాడనుకున్నారు? ఒకప్పుడు తాను తరిమిన శివాజీకే! రాజకీయాల్లో శాశ్వత శత్రువులు లేరన్న మాట నిన్న మొన్నటిది కాదు మరి. చివరికి ఆ చదరంగం విసుగెత్తి 1683లో పదవి వదులుకుని ఆదోనికి వచ్చేశాడు. తన కొండ, తన కోట, తన మసీదు.

ఆదోనివాళ్ళు చెప్పుకునే ఇంకో కథ దివాను వెంకన్నది. పశువులు కాచుకునే చదువురాని కుర్రవాడట. రాఘవేంద్రస్వామి ఆ దారిన పోతూ, కష్టమొస్తే నన్ను తలుచుకో అన్నారట. ఒకనాడు నవాబు వచ్చి చేతిలో ఉన్న ఉత్తరం చదవమంటే, గుండె దడదడలాడుతుంటే స్వామిని తలుచుకుని గడగడా చదివేశాడట. దాంతో నవాబు కొలువులో చేరి దివాను దాకా ఎదిగాడట. స్వామివారికి తుంగభద్ర ఒడ్డున మంచాల గ్రామం ఇప్పించింది ఆ నవాబు, ఈ దివానే అంటారు. ఆ మంచాలే ఈనాటి మంత్రాలయం. 1671లో స్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశారు. మహిమల సంగతి ఎవరి నమ్మకం వాళ్ళది. నాకు మాత్రం ముచ్చటగా అనిపించిందేమిటంటే, ఒకే పాలకుడి పేరు ఒకవైపు మసీదుకూ, ఇంకోవైపు మఠానికీ ముడిపడి మూడువందల ఏళ్ళకు పైగా జనం నోట నిలిచింది.

ఇక అసలు కథ. ఔరంగజేబు 1686లో బిజాపూరును, 1687లో గోల్కొండను మింగేశాడు. మిగిలింది ఆదోని. ఫిరోజ్ జంగ్‌ని పంపించాడు. ఈ ఫిరోజ్ జంగ్ కొడుకే తరవాత హైదరాబాదుకు మొదటి నిజాం అయ్యాడు. కోట ముట్టడి సాగింది. ఆదోనిలో చెప్పుకునేదేమంటే, కొండ మీది కోట ఎంతకీ లొంగలేదట. అప్పుడు మొగలు సేనాని ఫిరంగుల మూతులను కోట మీద నుంచి తిప్పించి, కొండ కిందనున్న మసీదుకు గురిపెట్టించాడట. పై నుంచి అది చూసి మసూద్ ఖాన్ నిలవలేకపోయాడట. కోట తలుపులు తెరిపించాడట. 1688లో ఆదోని మొగలుల వశమైంది.

నిజం ఎంతో, జనం కల్పించింది ఎంతో తూచడం కష్టం. కాని జనం ఒక కథను మూడువందల ఏళ్ళు దాచుకున్నారంటే అందులో వాళ్ళకు కావలసిందేదో ఉందన్నమాట. కోటకు దెబ్బ తగిలితే అది పాలకుడి నష్టం. కిందనున్న ఆ ఆవరణ వేలమంది కలిసి నిలబడే చోటు. దానికి దెబ్బ తగిలితే ఊరికి దెబ్బ. మసూద్ ఖాన్ కోటను ఇచ్చి దాన్ని దక్కించుకున్నాడని ఊరు నమ్ముతోంది. అందుకే కోట కట్టినవాళ్ళ పేర్లు మరిచిపోయినా మసీదు కట్టినవాడి పేరు మరవలేదు.

ఆ తరవాత మొగలులు కోటకు ఇంతియాజ్‌గఢ్ అని పేరు మార్చారు. ఆ పేరు నిలవలేదు. బికనీరు రాజు అనూప్ సింగ్ మొగలు సేనానిగా ఇక్కడికి వచ్చి, ఇక్కడే 1698లో కన్నుమూశాడు. పుస్తకాలంటే, బొమ్మలంటే ప్రాణం పెట్టే మనిషి. దక్కనులో తాను సేకరించిన చిత్రాలూ తాళపత్రాలూ రాజస్థానం చేర్చాడు. ఆయన పేరిట ఉన్న సంస్కృత గ్రంథాలయం బికనీరులో ఇప్పటికీ ఉంది. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించాడు. నిజాం సైన్యం వచ్చి చేసిన పెద్ద పని, కోటలో చిక్కుకున్న నవాబు ఇంటి ఆడవాళ్ళను బయటికి దాటించడం. ఆ తరవాత టిప్పు కోటగోడలు కూలగొట్టించాడు. 1800లో దత్తమండలాలతో పాటు ఇంగ్లీషువాళ్ళ పాలయింది. బళ్ళారి జిల్లాలో ఉండేది, 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో చేరింది. ఇన్ని చేతులు మారింది. ప్రతిసారీ మారింది కొండ మీదే. కింద బజారు బజారుగానే ఉంది.

ఆ బజారులో నేనూ వదినా సాయంత్రం దాకా తిరిగాం. షరాఫ్ బజారులో నగలు, పక్క వీధుల్లో బట్టలు. ఈ ఊరు ఒకప్పుడు నూలు జంపఖానాలకు కూడా పేరు మోసింది. మన చిన్నప్పుడు పెళ్ళిపందిళ్ళలో పరిచిన చారల జంపఖానాలు గుర్తున్నాయా? అవి పరిచిన చోటల్లా ఒక చిన్న రచ్చ ఏర్పడేది! నడిచి నడిచి కాళ్ళు లాగి, మసీదు పక్క వీధిలో ఒక అరుగు చూసి కూర్చోబోయాను. వదిన చెయ్యి పట్టి లేపింది.

"ఏమ్మా, నడిబజార్లో కూచుంటే చూసేటోల్లు ఏమనుకుంటారు? ఇంటికి పోయి కూచుందాం రా!"

చుట్టూ చూశాను. టీ బంకు దగ్గర మగవాళ్ళు, బండ్ల మీద మగవాళ్ళు, మెట్ల మీద మగవాళ్ళు. ఆడవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, కాని అందరూ నడుస్తున్నారు. సంచులు పట్టుకుని, పిల్లల్ని లాక్కుంటూ, బేరాలాడుతూ, కొంగు సర్దుకుంటూ. కూర్చున్న ఆడమనిషి ఒక్కతే, పూలు అమ్ముకుంటున్న ఒక అవ్వ. పూలబుట్ట ఉంది గనక ఆమె కూర్చోవచ్చు. ఏదో ఒక పని ఉందని చూపిస్తే గాని ఆడవాళ్ళకు బజారులో నేల దక్కదు కాబోలు.

పూలు కొనే నెపంతో నేనూ ఆమె పక్కన కూలబడ్డాను. వదిన ఏమనలేక నిలబడింది.

"అవ్వా, మీ కాలంలో ఆడవాళ్ళంతా ఎక్కడ కలుసుకునేవాళ్ళు?" అని అడిగాను.

"యాడేందమ్మా, బాయికాడ! వెంకన్న బాయికి నీళ్ళకు పోతే బిందె ముంచేలోపల ఊరి సంగతంతా తెలిసేది. ఎవరింట్లో పొయ్యి ఎలగలే, ఎవరి కోడలు ఏడ్సింది, ఎవరి పిల్లకు జొరం, అన్నీ ఆడ్నే. ఒకరికి కష్టమొస్తే ఇంకొకరు బిందె మోసేటోల్లం. ఇప్పుడు కొళాయి ఇంటికే వొచ్చె. నీళ్ళయితే వొస్తాండాయి గానీ, మనుషులు రారు కదమ్మా!"

వెంకన్న బావి అంటే ఆ దివాను వెంకన్న పేరు మీద ఉన్న దిగుడుబావి. శాన్ జిమిన్యానోలో బావి అంచున నా వేలు దూరిన గాడి చప్పున కళ్ళ ముందు కదిలింది. అక్కడ బావీ చౌకూ ఒక్కటే. నీళ్ళకు వచ్చిన ఆడవాళ్ళు ఊరి మధ్యకు వచ్చినట్టే. ఇక్కడ మగవాళ్ళకు రచ్చబండ, ఆడవాళ్ళకు బావిగట్టు. ఎవరి సభ వాళ్ళది. కొళాయి వచ్చి మన నడుములకు సుఖం ఇచ్చింది, కాదనను. ఈ కరువు సీమలో మైళ్ళకు మైళ్ళు బిందెలు మోసిన తల్లుల కష్టం తెలిసినవాళ్ళెవరూ ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకోరు. కాని బావి పోయినప్పుడు దాంతోపాటు మన రచ్చ కూడా పోయిందని ఎవరూ గమనించలేదు. మగవాళ్ళ రచ్చబండ పోతే టీ కొట్టు వచ్చింది, క్లబ్బు వచ్చింది, పార్టీ ఆఫీసు వచ్చింది. బావిగట్టుకు బదులు మనకేం వచ్చింది?

ఒక్కమాట. నడిబజారున నిలబడితే పరువు పోతుందన్న నియమం కూడా అందరాడవాళ్ళదీ కాదు. మర్నాడు పొద్దున్నే ఎమ్మిగనూరు పోవడానికి బయలుదేరితే, కూడలి దగ్గర కూలికి పిలిచేవాళ్ళ కోసం నిలబడి ఉన్నారు ఆడవాళ్ళు. సద్దిమూట చంకలో, కొడవలి చేతిలో. ఈ పడమటి సీమలో వానలు లేని ఏడు కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరపచేలకు వలసపోతాయి. వాళ్ళను రచ్చకెక్కారని ఎవరూ అనరు. ఎందుకంటే వాళ్ళ పరువు సంగతి ఎవరికీ పట్టదు. మనల్ని ఇంట్లో కూర్చోబెట్టిన మర్యాదే వాళ్ళను ఎండలో నిలబెట్టింది. ఆ మర్యాదను చూసి మనం మురిసిపోవలసింది ఏముంది?

ఎమ్మిగనూరు ఆదోని నుంచి గంట ప్రయాణం. అక్కడ కొండలూ లేవు, కోటలూ లేవు. కాని నడిబొడ్డున ఉన్న కూడలి పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సోమప్ప సర్కిల్! ఏ నవాబు పేరో, ఏ దొర పేరో కాదు. మాచాని సోమప్ప నేతగాళ్ళను కూడగట్టిన మనిషి. 1938లో ఈ ఊళ్ళో నేత సహకార సంఘం పెట్టించాడు. వడ్డీ వ్యాపారి చేతిలో, నూలు వ్యాపారి చేతిలో నలిగిపోయే నేతగాడికి నూలు తామే తెప్పించి ఇచ్చి, నేసిన బట్ట తామే అమ్మిపెట్టే సంఘం. నేతపనివాళ్ళకు కాలనీ కట్టించారు. పద్మశ్రీ వచ్చింది ఆయనకు. ఫ్లారెన్సులో ఆరేడువందల ఏళ్ళ కిందట ఉన్ని బట్టల వాళ్ళ సంఘానికి నగర పాలనలోనే చోటుండేది. అది మాత్రం పెద్ద వ్యాపారుల సంఘం, మగ్గం మీద కూర్చునేవాడికి దానిలో మాట లేదు. ఎమ్మిగనూరులో సంఘం మగ్గం మీద కూర్చునేవాడిదే. ఆ లెక్కన మనమే ఒక మెట్టు పైన!

అయితే మగ్గం మీద ఒక్కడే కూర్చుంటాడా? ఆసు పోసేదెవరు, కండెలు చుట్టేదెవరు? ఇంటి ఆడవాళ్ళే. ఒక్క చీర తెగాలంటే ఇంటిల్లిపాదీ కష్టపడాలి. జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర జరిగేటప్పుడు ఈ ఊరి వీధులు చూడాలంటారు. ఆ రోజుల్లో ఆడవాళ్ళు నడిబజారులో ఎంతసేపు నిలబడ్డా, కూర్చున్నా, తిన్నా, నవ్వినా ఎవరూ ఏమీ అనరు. దేవుడి రథం వీధిలో ఉన్నంతసేపూ వీధి అందరిదీ. రథం పోయేది గనకనే రథ్య అన్నారు కదా! రథం కొట్టంలోకి చేరగానే మనం ఇళ్ళలోకి చేరతాం.

నేను చెప్పదలచుకున్నది పెద్ద విప్లవమేమీ కాదు. బురుజులూ కోటలూ ఎవడి గొప్ప కోసం వాడు కట్టుకున్నవి. శాన్ జిమిన్యానోలో బురుజులు కూలాయి, ఆదోనిలో కోటగోడలు కూలాయి. నిలిచింది మధ్యన ఉన్న ఖాళీ జాగా. అది ఎవడి సొంతమూ కాదు గనక అందరూ కాపాడారు. ఆ అందరిలో ఆడవాళ్ళం సగం. ఆ బావి అంచున గాళ్ళు పెట్టిందీ మనమే, ఆదోని బజారు గల్లాపెట్టె నింపుతున్నదీ మనమే. కూర్చోవడానికి ఒక అరుగు, తలమీద కాస్త నీడ, తాగడానికి మంచినీళ్ళు, శుభ్రంగా తలుపు పడే ఒక మరుగుదొడ్డి. పురపాలకవాళ్ళను అడగవలసినవి ఈ నాలుగే. సర్కిల్ మధ్యలో విగ్రహం పెట్టడానికి దొరికే డబ్బు వీటికి దొరకదా?

అడిగేలోపల మనం చేయగలిగింది ఒకటుంది. ఈసారి మీ ఊరి నడిబజారుకు పనిమీద వెళ్ళినప్పుడు, పని అయిపోగానే ఆటో పిలవకండి. ఏ గుడి మెట్టు మీదో, ఏ చెట్టు కింది దిమ్మ మీదో, తోడుకు ఒక స్నేహితురాలిని పెట్టుకుని పావుగంట కూర్చోండి. కొనకుండా, అమ్మకుండా, ఎవరికోసమూ ఎదురుచూడకుండా, ఊరికే. మొదటి రోజు నలుగురు చూస్తారు. వారం పోతే ఇద్దరు చూస్తారు. నెల తిరిగేసరికి ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి పక్కన కూర్చుంటారు, పిల్ల జ్వరం సంగతో, పక్కింటి కోడలి సంగతో ఎత్తుతారు. కూర్చునేవాళ్ళు లేని జాగా ఎన్నాళ్ళో ఖాళీగా ఉండదండీ. ఒక రాత్రి ఎవడో వచ్చి నాలుగు గుంజలు పాతి, పైన రేకులు వేసుకుంటాడు.